పక్కవాద్యానికి సమపీఠం

2024 డిసెంబరు 15న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ కన్నుమూశారు. ఊపిరితిత్తుల వ్యాధి ఆయనను 73వ ఏట మన నుంచి తీసుకుపోయింది. పద్మశ్రీ, పద్మభూషణ్, పద్మవిభూషణ్ మూడింటినీ అందుకున్న కళాకారుడాయన. శాస్త్రీయ సంగీతంతో పరిచయం లేని ఇళ్లలో సైతం, టెలివిజన్‌లో వచ్చిన ఒక తేనీటి ప్రకటన ద్వారా ఆ నవ్వు ముఖం, ఆ ఎగిరే జుట్టు అందరికీ పరిచితమే. అయితే బిరుదుల పట్టికను వల్లించడం ఈ సంపాదకీయ ఉద్దేశం కాదు. ఆ జీవితం నుంచి మన సమాజం నేర్చుకోవలసినదేమిటో ఆలోచించడమే మా ఉద్దేశం.

1951 మార్చి 9న బొంబాయిలో జాకిర్ జన్మించారు. తండ్రి ఉస్తాద్ అల్లారఖా పసిబిడ్డను ఎత్తుకొని చెవిలో ప్రార్థనకు బదులు తబలా బోళ్లు పలికారట. తల్లి నొచ్చుకుంటే, తనకు తెలిసిన ప్రార్థన ఇదేనని ఆయన బదులిచ్చారట. ఈ ఉదంతాన్ని జాకిర్ స్వయంగా పలుమార్లు చెప్పుకున్నారు. సంగీతం విషయంలో ధార్మిక పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. కానీ ఆ ఇంటి దినచర్యను మాత్రం ప్రతి తల్లీ తండ్రీ గమనించాలి. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి తండ్రి వద్ద పాఠం, ఆ తర్వాత మదర్సాలో ఖురాన్ పఠనం, అక్కడి నుంచి మాహిమ్‌లోని క్రైస్తవ పాఠశాలలో చదువు. ఒకదాని కోసం మరొకదాన్ని వదులుకోమని ఆ బాలుడిని ఎవరూ నిర్బంధించలేదు.

తండ్రి అల్లారఖా జమ్మూ ప్రాంతపు వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. బాల్యంలోనే ఇల్లు విడిచి లాహోరు చేరి, మియా ఖాదర్ బక్ష్‌కు శిష్యులై, పంజాబ్ ఘరానా విద్యను సాధించారు. ఆ విద్యలో పఖావజ్ వాద్యపు పాత పోకడలు, పారసీ మూలాల పేర్లు కలిసిమెలిసి ఉంటాయి. తబలా వాదనలో తొలి రచనను పేష్కార్ అంటారు, ఆ తర్వాత వచ్చేది ఖాయదా. కార్యాలయాల్లో జీవితం గడిపిన మా వంటి వారికి ఈ రెండు మాటలూ పాత దస్త్రాల్లో కనిపించినవే. రాజ్యపాలనకూ రాగతాళాలకూ ఒకే పదజాలం పనికివచ్చిన నేల ఇది.

ఒకప్పుడు తబలా వాద్యకారుడిది పక్కవాద్యపు స్థానం. గాయకుడికి, సితారు విద్వాంసుడికి దక్కిన గౌరవమూ పారితోషికమూ అతనికి దక్కేవి కావు. రికార్డుల అట్టలపై అతని పేరు ఉండని రోజులుండేవి. ఈ స్థితిని మార్చడంలో అల్లారఖా తరం మొదటి అడుగు వేసింది. జాకిర్ ఆ అడుగును గమ్యానికి చేర్చారు. ఒక్క తబలాను వినడానికే సభామందిరాలు నిండాయి. అయినా మరొకరి పక్కన కూర్చున్నప్పుడు ఆయన తన వాద్యంతో వారి వాద్యాన్ని ముంచెత్తలేదు. తన స్థానం కోసం నిలబడటం, ఎదుటివారి స్థానాన్ని మన్నించడం అనే రెండు గుణాలూ ఆయనలో ఒక్కటిగా ఉండేవి.

స్వరకర్తగానూ ఆయన కృషి గణనీయమైనది. 1973లో జాన్ మెక్‌లాఫ్లిన్, ఎల్. శంకర్, ఘటం విద్వాంసుడు వినాయక్‌రామ్‌లతో కలిసి 'శక్తి' బృందాన్ని నిలిపారు. హిందుస్థానీ, కర్ణాటక, జాజ్ సంగీతాలు అక్కడ ఒకే వేదికపై కలిశాయి. ఆ బృందం తర్వాతి రూపంలో మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ ఆయన సరసన వాయించారు. మతకల్లోలాల నడుమ ఒక హిందూ స్త్రీ ఒక ముస్లిం యువకుడి ప్రాణం కాపాడే కథ 'మిస్టర్ అండ్ మిసెస్ అయ్యర్' చిత్రానికి 2002లో సంగీతం సమకూర్చింది ఆయనే. 2015లో తబలాకు, పాశ్చాత్య వాద్యబృందానికి కలిపి రాసిన రచనకు 'పేష్కార్' అనే పేరే పెట్టారు. 2024 ఫిబ్రవరిలో ఒకే రాత్రి మూడు గ్రామీ పురస్కారాలు అందుకున్న తొలి భారతీయుడయ్యారు.

ఇటువంటి వారిని కీర్తించేటప్పుడు కొందరి నోట 'ముస్లిం అయి కూడా' అనే మాట దొర్లుతుంది. ఆ 'కూడా' అన్న చోటే మాకు అభ్యంతరం. ఈ దేశపు సంగీతంలో మన పూర్వీకులు అతిథులుగా వచ్చి వాయించి వెళ్లలేదు. ఆ సంగీతాన్ని నిర్మించిన వారిలో వారూ ఉన్నారు. ఒంగోలు సమీపాన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వర విద్వాంసుడిగా 'సంగీత కళానిధి' బిరుదు పొందారు. నాదస్వర దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు పద్మశ్రీ లభించింది. ప్రతిభను దేశభక్తికి ధ్రువపత్రంగా సమర్పించవలసిన అగత్యం ఏ పౌరుడికీ లేదు. జాకిర్ హుస్సేన్‌కు దక్కిన గౌరవం, ఏ బిరుదూ లేని రిక్షా కార్మికుడికి పౌరుడిగా దక్కవలసిన గౌరవాన్ని భర్తీ చేయలేదు. మనం కోరేది దయ కాదు, సమపీఠం.

అయితే హక్కుల మాట ఎత్తే మనం మన ఇంటి వైపు కూడా చూసుకోవాలి. నాదస్వరం, డోలు, షెహనాయి నమ్ముకొని బ్రతికిన ముస్లిం కుటుంబాలను మనలోనే చిన్నచూపు చూసేవారున్నారు. పెళ్లిలో వారి వాద్యం కావాలి, పంక్తిలో మాత్రం వారి స్థానం చివర. ఈ రీతి మారనిదే సమానత్వం గురించి ఇతరులకు చెప్పే నైతిక బలం మనకు రాదు.

పాఠకులకూ కార్యకర్తలకూ మా విన్నపం ఒక్కటే. మీ ఊరిలో, మీ పేటలో వృద్ధ వాద్యకారులెవరున్నారో విచారించండి. వారి పేరు, వాద్యం, గురువు వివరాలు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. కళాకారుల పింఛనుకు అర్హత ఉన్నవారికి దరఖాస్తు నింపి, జత చేయవలసిన కాగితాలు సమకూర్చి, రసీదు చేతికి వచ్చేదాకా వెంట ఉండండి. రాత తెలిసినవారు చేయగల సేవ ఇది. తెల్లవారుజామున పిల్లవాడిని లేపి విద్య నేర్పే తండ్రులు మన వాడల్లో నేటికీ ఉన్నారు. వారి చేతిలోని విద్య వారితోనే ముగిసిపోకుండా చూడటమే జాకిర్ హుస్సేన్‌కు మనం అర్పించగల నివాళి.