గూఢచారి చెప్పులకి అంటిన బురద

ఈమధ్య ఒక ఆన్‌లైన్ పుస్తక చర్చలో, ఇప్పుడేం చదువుతున్నావని అడిగితే నెడ్ వార్డ్ రాసిన ‘ది లండన్ స్పై’ అని చెప్పాను. ఒక పెద్దాయన నవ్వి, “అది సాహిత్యం కాదు బాబూ, ఆ కాలపు చెత్తబుట్ట. వ్యంగ్యం కావాలంటే డ్రైడెన్ చదువు, స్విఫ్ట్ చదువు” అన్నారు. నా ఈడువాడే ఇంకొకతను నన్ను వెనకేసుకొద్దామని, “అలా అనకండి సార్, అప్పటి జనం ఏం తిన్నారో, ఏం తాగారో తెలుసుకోడానికి మంచి డేటా” అన్నాడు. పెద్దాయన పుస్తకాన్ని గుమ్మం బయటే ఆపేశారు. ఇతను పెరటి తలుపు తీసి లోపలికి తెచ్చి, స్టోర్ రూములో పడేశాడు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. అక్కడ మ్యూట్‌లో మింగేసిన మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పుస్తకం సంగతి. ఇంగ్లండులో ఏది అచ్చెయ్యాలన్నా ముందే అనుమతి తీసుకోవాలనే లైసెన్సింగ్ చట్టం ఒకటుండేది. 1695లో దాని గడువు తీరింది, పార్లమెంటు పొడిగించలేదు. 1666 అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ లేచిన లండన్‌లో జనం 5 లక్షలు దాటారు, ఎటు చూసినా కాఫీ హౌసులు, చదవడానికి ఏదో ఒకటి కావాలనే జనం. రాసి పొట్ట పోసుకోవడం అనే కొత్త బతుకుతెరువు అప్పుడే గట్టిపడుతోంది. వార్డ్ ఆ బాపతు మనిషి. 1667లో పుట్టాడు, యూనివర్సిటీ మొహం చూడలేదు. అదృష్టం వెతుక్కుంటూ జమైకా వెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. ఆ దీవిని తిట్టిపోస్తూ 1698లో ఒక చిన్న పుస్తకం వేస్తే అది బాగా అమ్ముడుపోయింది. అదే ఏడాది నవంబరులో ‘లండన్ స్పై’ మొదలెట్టాడు. నెలకో భాగం చొప్పున మొత్తం 18 భాగాలు.

కథంటూ పెద్దగా ఏమీ లేదు. పల్లెలో పుస్తకాల మధ్య విసిగిపోయిన ఒకడు లండన్ వస్తాడు. చిన్నప్పటి స్కూలు స్నేహితుడు కనిపిస్తాడు, ఇప్పుడతను సర్జన్. ఇద్దరూ కలిసి ఊరు తిరుగుతారు. పొగాకు పొగ కమ్మిన కాఫీ హౌసు, బిల్లింగ్స్‌గేట్ చేపల రేవు దగ్గర తాగుడు కొట్టు, వ్యాపారులు మూగే రాయల్ ఎక్స్ఛేంజ్, ఇంకా కడుతూనే ఉన్న సెయింట్ పాల్స్, బార్తలోమ్యూ తిరనాళ్లు. ఒక రాత్రి గస్తీవాళ్లకి దొరికి లాకప్పులో కూడా పడతారు.

ఇప్పుడు పెద్దాయన మాట. ఇంగ్లిష్ వచన వ్యంగ్యం గురించి మన తెలుగువాళ్ల దగ్గరున్న మ్యాపులో ఒకటే దారి ఉంది. అది 1711లో ఎడిసన్, స్టీల్‌ల ‘స్పెక్టేటర్’ దగ్గర మొదలై, పానుగంటి వారి ‘సాక్షి’ వ్యాసాల దగ్గరికి వస్తుంది. పానుగంటి ఆ పత్రికని ఆదర్శంగా తీసుకున్నారన్నది నిజం, జంఘాలశాస్త్రి మాట ధాటి అంటే నాకూ ఇష్టమే. కానీ స్పెక్టేటర్‌కి పన్నెండేళ్ల ముందే అదే ఊరిని, అదే కాఫీ హౌసులని, ఒకడు నెలనెలా తిరిగి రాశాడన్న సంగతి ఆ మ్యాపులో లేదు.

రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు ప్రేక్షకుడు, ఇంకొకడు గూఢచారి. ఎడిసన్ ప్రేక్షకుడు పదిమందిలో ఉన్నా నోరు విప్పడు, ఎవరితోనూ కలబడడు, అన్నీ చూసి ఇంటికొచ్చి సంస్కారంగా రాస్తాడు. వార్డ్ గూఢచారి గుంపులో తోపులాడతాడు, తాగుతాడు, తిట్లు తింటాడు, కేసులో ఇరుక్కుంటాడు. బురద గురించి రాస్తే ఆ బురద అతని చెప్పులకి అంటి ఉంటుంది. డ్రైడెన్ వ్యంగ్యం గొప్పదే, కాదనను. కానీ దాని గురి రాజకీయ నాయకుల మీదా, సాటి కవుల మీదా. చేపలమ్మే ఆవిడ నోటికి, గస్తీవాడి దౌర్జన్యానికి సాహిత్యంలో చోటివ్వడానికి యూనివర్సిటీ మొహం చూడనివాడు రావాల్సొచ్చింది.

‘చెత్త’ అనే ముద్ర కూడా ఊరికే పడలేదు, వేసినవాళ్లున్నారు. 1728లో అలెగ్జాండర్ పోప్ తన ‘డన్సియాడ్’లో మొద్దు రచయితల జాబితాలోకి వార్డ్‌ని కూడా ఎక్కించాడు. పైగా ఇతను సిటీలో సారాకొట్టు నడుపుతాడని ఒక ఎత్తిపొడుపు. వార్డ్ ఊరుకోలేదు. నా కొట్టు సిటీలో లేదు, మూర్‌ఫీల్డ్స్‌లో ఉందని అచ్చులోనే సరిదిద్దాడు. కవిత్వం మీద పడ్డ దెబ్బకంటే అడ్రసు తప్పు అతనికి ఎక్కువ బాధ కలిగించినట్టుంది! చదివి నవ్వుకున్నాను గానీ, మూడొందల ఏళ్ల తర్వాత మనం ఇంకా పోప్ కోపాన్నే మన అభిప్రాయంగా మోస్తున్నామంటే మాత్రం నవ్వు రాదు.

ఇక డేటా మిత్రుడు. రోజూ లాగ్ ఫైళ్లతో బతికేవాణ్ణి కాబట్టి ఇతనికి చెప్పే హక్కు నాకుంది. ‘లండన్ స్పై’ సీసీ కెమెరా కాదు. వార్డ్ ఉన్నదున్నట్టు చెప్పడు. ఉన్నదాన్ని సాగదీసి, దాని మీద పోలిక మీద పోలిక పేర్చి, నవ్వొచ్చే దాకా వదలడు. రాయల్ ఎక్స్ఛేంజ్‌లో ఒక్కో దేశం వాడి గురించి అతను రాసింది చూడండి. యూదుల గురించి, పరదేశుల గురించి ఆ కాలపు పాచి వెటకారమే. దాన్ని డేటా అనుకున్న మరుక్షణం అతని ద్వేషం మన దగ్గరికి సమాచారమై వస్తుంది. వ్యంగ్యాన్ని వ్యంగ్యంగా చదివితేనే ఈ నవ్వు ఎవరిది, ఎవరి మీద అని అడగగలం.

ఆ ప్రశ్న అడగడానికి రెండు ఘట్టాలు చాలు.

మొదటిది బ్రైడ్‌వెల్. చిన్న నేరాలవాళ్లని, వ్యభిచారం నేరం మోపిన ఆడవాళ్లని పెట్టే శిక్షాగృహం. అక్కడ అధికారుల ఎదుట, చూడ్డానికొచ్చిన జనం ఎదుట, ఒక స్త్రీ వీపు మీద బట్ట తీసి కొరడాతో కొడతారు. అధ్యక్షుడు సుత్తితో బల్ల మీద కొట్టేదాకా దెబ్బలు ఆగవు. వార్డ్ అది చూసి, ఈ శిక్ష ఎవరినీ బాగుచెయ్యడానికి కాదు, చూసేవాళ్ల కళ్లకి విందు చెయ్యడానికి అని తేల్చేస్తాడు. అతని వ్యంగ్యం కొరడా దెబ్బ తింటున్నామెని వదిలి, చూస్తున్నవాళ్ల మీదికి తిరుగుతుంది. పుస్తకం మొత్తంలో నాకు తల వంచి నమస్కారం పెట్టాలనిపించిన చోటు ఇదే.

రెండోది బెడ్లమ్. మూర్‌ఫీల్డ్స్‌లో 1676లో రాబర్ట్ హుక్ కట్టిన పిచ్చాసుపత్రి. బయటికి రాజభవనంలా ఉంటుంది. జనం జూకి వెళ్లినట్టు డబ్బులిచ్చి లోపలికెళ్లి, రోగులని ప్రశ్నలడిగి, జవాబులకి నవ్వుకునేవాళ్లు. వార్డ్ కూడా వెళ్తాడు, అడుగుతాడు, నవ్విస్తాడు. ఒక రోగి చేత మంచి మాట కూడా పలికిస్తాడు: బయట తరుముతుంటే సత్యం ఇక్కడికొచ్చి తలదాచుకుంది, ఇక్కడ ఎవరైనా ఏదైనా మాట్లాడొచ్చు అనే అర్థంలో. చూడ్డానికొచ్చినవాళ్లనీ వదల్లేదు, దులిపేస్తాడు. కానీ దేనికి? సరసాలకి, బేరాలకి వచ్చారని. రోగుల మీద నవ్వుతున్నారని ఒక్క మాట అనడు. అనలేడు, ఆ నవ్వు అతనిది కూడా.

నేనూ నవ్వాను. నవ్వి, పుస్తకం మూసేశాను.

మా వీధిలో ఒక లెక్కల మాస్టారుండేవారు, మతి చలించి ఉద్యోగం మానేసినాయన. బడి నుంచి వస్తూ మేం ఆయన అరుగు ముందు ఆగి, “మాస్టారూ, పదిహేడో ఎక్కం చెప్పండి” అనేవాళ్లం. ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని మొదలెట్టేవారు. సగంలో ఎక్కడో తడబడేవారు. మళ్లీ మొదటికొచ్చేవారు. మేం పడీపడీ నవ్వేవాళ్లం. వాళ్లమ్మగారు లోపల్నించి వచ్చి మమ్మల్ని ఏమీ అనకుండా ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవారు. ఈ సంగతి నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. మా మాస్టారు ఏ డేటాలోనూ లేరు. డ్రైడెన్ చదివినప్పుడు ఆయన గుర్తు రాలేదు, ఎడిసన్ చదివినప్పుడూ రాలేదు. ఆ ‘చెత్తబుట్ట’ చదివినప్పుడు వచ్చారు.

వార్డ్‌ని వెనకేసుకు రావడానికి ఇదంతా చెప్పట్లేదు. బ్రైడ్‌వెల్‌లో చూడగలిగినవాడు బెడ్లమ్‌లో చూడలేకపోయాడు. 1706లో రాణి ప్రభుత్వాన్ని వెక్కిరించినందుకు అతన్నే రెండుసార్లు బొండకొయ్యలో బిగించి జనం ముందు నిలబెట్టారు. చూడవచ్చిన జనం ముందు మెడ ఇరుక్కుని నిలబడ్డ ఆ గంటలో అతనికి బెడ్లమ్ గుర్తొచ్చిందో లేదో.

పెద్దాయనా, డేటా మిత్రుడూ ఇద్దరూ ఇది చదువుతారని తెలుసు. పుస్తకానికి కాపీరైట్ ఎప్పుడో పోయింది. పాత స్పెల్లింగులతో ఒక గంట కష్టపడితే అలవాటైపోతుంది. ఈ రెండు ఘట్టాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. వచ్చే చర్చలో మీరు ఎక్కడ నవ్వారో ముందు అది చెప్పండి, సాహిత్యమా కాదా అన్నది తర్వాత తేల్చుకుందాం.