ఒక్క మెతుకు చాలదు



అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు మన పెద్దలు. వంటింటిలో ఆ మాట నిజమే. అయితే అమెరికావారు ఎంతో ఇష్టపడే బేస్‌బాల్ ఆటకు అది బొత్తిగా సరిపోదు. అక్కడ స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కొందరు ఈ ఆటకు అభిమానులయ్యారు. తమ జట్టు ఓడిన రాత్రి వారికి అన్నం సహించదు. గెలిచిన రాత్రి ఇక తమ జట్టుకు ఎదురే లేదనుకుంటారు. రెండూ తొందరపాటు తీర్పులే. మరి జట్టు బాగున్నదో లేదో అభిమాని దేనిని బట్టి తెలుసుకోవాలి?

ముందు ఆట సంగతి కొంచెం చూద్దాం. మైదానంలో జట్టుకు తొమ్మిది మంది. బంతిని కొట్టినవాడు మూడు మజిలీలు దాటి, బయలుదేరిన చోటికే తిరిగి వస్తే ఒక పరుగు. క్రికెట్‌లో వలె వందల పరుగులు రావు. ఒక జట్టు నాలుగైదు పరుగులు చేయడం మామూలు. ఇంత తక్కువ పరుగుల ఆటలో ఒక్క బంతి అటో ఇటో పోతే ఫలితం తారుమారవుతుంది. పెద్ద లీగులోని 30 జట్లలో ఒక్కొక్కటి ఏటా 162 మ్యాచ్‌లు ఆడుతుంది. వంద గెలిస్తే గొప్ప జట్టు అంటారు. ఆ గొప్ప జట్టు కూడా 62 సార్లు ఓడినట్టే కదా! కాబట్టి ఒక్క ఓటమికి కుంగిపోనక్కరలేదు. ఒక్క వారం గెలుపులకు పొంగిపోనూ అక్కరలేదు.

"చివరికి ఛాంపియన్ అయినదే గొప్ప జట్టు కదా?" అని మీరు అడగవచ్చు. ఆరు నెలల ఆట ముగిశాక, అక్టోబరులో కొన్ని జట్ల మధ్య ప్లేఆఫ్ పోటీలు జరుగుతాయి. అవి కొద్ది మ్యాచ్‌లే. 2006లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఏడాదంతా ఆడి 83 మాత్రమే గెలిచింది, 78 ఓడింది. అయినా ఛాంపియన్ అయింది. 2023లో అట్లాంటా బ్రేవ్స్ 104 గెలిచి కూడా ప్లేఆఫ్‌లో ఆడిన మొదటి సిరీస్‌లోనే ఇంటికి వెళ్లింది. 84 మాత్రమే గెలిచిన అరిజోనా జట్టు చివరి పోటీ వరకు వెళ్లింది. అక్టోబరు గెలుపు సంతోషమే, కాదనము. కానీ జట్టు బలాన్ని కొలిచే తూకపు రాయి మాత్రం అది కాదు.

చూడవలసినవి రెండు. మొదటిది పరుగుల లెక్క. ఏడాదంతా మన జట్టు చేసిన పరుగులెన్ని, ఎదుటివారికి ఇచ్చినవెన్ని? 2012లో బాల్టిమోర్ ఓరియోల్స్ 93 గెలిచింది. ఊరంతా పండుగ చేసుకుంది. కానీ ఆ జట్టు చేసిన పరుగులు 712, ఇచ్చినవి 705. తేడా ఏడే! ఒక్క పరుగు తేడాతో తేలిన 38 మ్యాచ్‌లలో 29 దానికే కలిసి వచ్చాయి. మరుసటి ఏడు అటువంటి మ్యాచ్‌లు 51 వస్తే 20 మాత్రమే గెలిచింది. ప్లేఆఫ్‌కు చేరలేకపోయింది. గెలుపుల లెక్క చూసినవారు ఆశ్చర్యపోయారు. పరుగుల లెక్క చూసినవారికి అది ముందే తెలుసు.

రెండవది నారుమడి. ఈ ఏటి పంట ఎలా ఉన్నా, నారు బలంగా ఉందా అని రైతు చూడడా? చికాగో కబ్స్ జట్టు 1908 తర్వాత ఛాంపియన్ కాలేదు. 2012లో 101 మ్యాచ్‌లు ఓడింది. నవ్వనివారు లేరు. కానీ ఆ ఏడే ఆంథొనీ రిజో అనే కుర్రవాడిని తెచ్చుకున్నారు. 2013లో క్రిస్ బ్రయంట్‌ను ఎంచుకున్నారు. ఓర్పుతో పెంచారు. 2015లో 97 గెలిచారు. 2016లో 103 గెలిచి, 108 ఏళ్ల తర్వాత ఛాంపియన్లయ్యారు.

అయితే ఒక హెచ్చరిక. నారు పోశామన్నంత మాత్రాన పంట రాదు. అదే ఊరిలోని వైట్ సాక్స్ జట్టు కూడా కుర్రవాళ్లను కూడబెట్టి 2021లో 93 గెలిచింది. 2024లో అదే జట్టు 121 ఓడింది. కాబట్టి "రేపు బాగుంటుంది" అని యాజమాన్యం చెప్పే మాటను కాక, కుర్రవాళ్లు ఏటేటా మెరుగవుతున్నారా లేదా అన్నది చూడండి.

సరిగా కొలవడం తెలియనివారు మంచి కాలాన్ని కూడా గుర్తించలేరు. 2001లో సియాటిల్ మారినర్స్ 116 మ్యాచ్‌లు గెలిచింది. 1906లో కబ్స్ నెలకొల్పిన రికార్డుతో అది సమానం. అక్టోబరులో న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడింది. ఆ ఏడంతా వృథా అనుకొని నిట్టూర్చినవారు ఎందరో! ఆ జట్టు మళ్లీ ప్లేఆఫ్ ముఖం చూసింది 2022లోనే. ఆ వేసవిలో రోజూ మైదానానికి వెళ్లి, ప్రతి గెలుపునూ తనివితీరా చూసి ఆనందించినవారే ధన్యులు. అభిమానులారా, మీ జట్టు బాగా ఆడే కాలం వచ్చినప్పుడు అక్టోబరు కోసం ఆగకండి. ఆ రోజే సంతోషించండి.