పెద్దల ఫోటో పలక: కాల్చిందా, అద్దిందా?



మన సావిడి ముందు గోడకు పెద్దల ఫోటో పలకలు పెట్టించాలని కొన్నాళ్ళుగా మాట నడుస్తోంది. మంచి ఆలోచన. ఆర్డరు ఇచ్చేముందు మాత్రం ఒక సంగతి తేల్చుకోవాలి. "సిరామిక్ ఫోటో" అని అంగళ్ళలో అమ్మేవి రెండు రకాలు. పక్కపక్కన పెడితే కొత్తలో తేడా తెలియదు.

మొదటిది అద్దకం. ఫోటోను కాగితం మీద ప్రింటు తీసి, పైపూత ఉన్న టైలు మీద పెట్టి, సుమారు 200 డిగ్రీల వేడితో నొక్కుతారు. పుట్టినరోజుకు ఇచ్చే ఫోటో కప్పులు ఎక్కువగా ఈ రకమే. రంగు దిగేది ఆ పైపూతలోకే, పింగాణీలోకి కాదు. ఇంట్లో నీడన బాగానే ఉంటుంది. ఎండ గోడకు పెడితే వెలిసిపోతుంది.

రెండోది కాల్చినది. దీని రంగు ఇనుము, కోబాల్టు వంటి లోహాల ఆక్సైడు పొడి. అందులో గాజు పొడి కలిసి ఉంటుంది. దానితో ట్రాన్స్‌ఫర్ కాగితం మీద ఫోటో అచ్చువేసి, నీళ్ళలో నానబెట్టి, ఊడివచ్చిన పొరను గ్లేజు పలక మీద పరుస్తారు. ఆరాక కొలిమిలో సుమారు 800 డిగ్రీల దాకా కాలుస్తారు. పొర కాలిపోతుంది. గాజు కరిగి రంగును పట్టుకుని గ్లేజుతో ఒకటవుతుంది. ఇక దాన్ని ఎండ ఏమీ చేయలేదు. ఫోటోను ఇలా కాల్చి నిలిపే పద్ధతికి 1854లోనే ఫ్రాన్స్‌లో బ్యులో, కత్తాన్ అనే ఇద్దరు పేటెంటు తీసుకున్నారు. ఇటలీ స్మశానాల్లో తాతముత్తాతల ముఖాలు ఈ పలకల మీదే నిలిచి ఉన్నాయి. రైల్వేలో పనిచేసిన మాకూ ఇది కొత్త కాదు. పాత ఎనామెల్ బోర్డుల అంచు తుప్పు పట్టినా అక్షరం మాత్రం వెలవదు. అదీ కాల్చిన రంగే.

"మనం దహనం చేసేవాళ్ళం, ఈ పలక మనకెందుకు?" అని కొందరు అంటున్నారు. సమాధి లేనందుకే కావాలంటాను. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న కుమారస్వామి రాజా గారి ముఖం అందరికీ తెలుసు. ఆయన కాలంలోనే ఈ ఊరికి పాటుపడిన మిగతావాళ్ళ ముఖాలు ఎందరికి తెలుసు? ఫోన్లో ఉన్నాయంటారు. ఫోన్లోని ఫోటో కింద పేరుండదు. మనవళ్ళకు అది ఎవరో ఒక ముసలాయన.

అందుకే పేరు కూడా ఫోటోతోపాటు అదే పలకలో కాలాలి, తమిళంలోనూ తెలుగులోనూ. నేను చదివింది తమిళ బళ్ళో, తెలుగు అక్షరాలు రిటైరయ్యాక నేర్చుకున్నాను. తమిళంలో రాస్తే బాలమ్మ, పాలమ్మ ఒకటే రాత. ఇంట్లో అమ్మను ఎలా పిలిచామో అలా నిలిచేది మన అక్షరంలోనే. కాల్చాక దిద్దడం కుదరదు. పేర్లు, తేదీలు ఆయా కుటుంబాలు చూసి సంతకం పెట్టాకే కొలిమికి పంపాలి.

నేను అడిగేది ఇంతే. ఎన్ని డిగ్రీల్లో కాల్చారో బిల్లులో రాయించుకోవాలి. నమూనా పలకను నెయిల్ పాలిష్ తీసే ద్రవంతో రుద్ది చూడాలి. రంగు వస్తే అది కాల్చింది కాదు. రాకపోయినా బిల్లు లేకుండా నమ్మకూడదు. పెట్టాక ఆసిడ్ పోసి కడగకూడదు, కాల్చిన రంగునూ అది తినేస్తుంది.

ఖర్చు ఎక్కువైతే ఈ ఏడు పది పలకలు చాలు, వచ్చే ఏడు పది. నలభై ముఖాలు ఒకేసారి పెట్టి, అవి తెల్లబడుతుంటే చూస్తూ కూర్చోవడం కన్నా అదే మర్యాద. కన్నీటి అంజలి ఫ్లెక్సు నాలుగు రోజులది, దాని పని అంతే. గోడ మీద పెట్టే పెద్దాయన అలా కాదు.

వచ్చే కూటంలో దీన్ని తీర్మానంగా పెట్టమని కోరుతున్నాను. ఒప్పనివాళ్ళు కింద రాయండి, జవాబు చెబుతాను.