మంచి పేరు

మన లాల్‌గడి మలక్‌పేట్‌లో బ్యాటు పట్టే పిల్లలకు మేము రెండు పేర్లు చెప్పాలి. హైదరాబాదు అజారుద్దీన్ ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు చేశారు. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై బోర్డు జీవితకాల నిషేధం విధించగా 99 టెస్టుల దగ్గరే ఆట ఆగింది. 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నది. అయినా ఆ నింద ఇంకా వెంటాడుతూనే ఉంది. ఆయనకు తీర్పు తీర్చడం మా పని కాదు.

రెండవ పేరు మనల్ని మరింత గుచ్చుతుంది. అదే ఏడాది బుకీల డబ్బు తీసుకున్నానని ఒప్పుకున్న దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే, క్రైస్తవ విశ్వాసిగా పేరుపొందినవాడు.

సామెతలు 22:1 మనకు కంఠతా వచ్చు. సంఘపు లెక్కల్లో, పరీక్ష హాల్లో దాన్ని పాటిస్తున్నామా? ఒప్పుకొన్నవానికి ప్రభువు క్షమాపణ ఇస్తాడు. మనుష్యుల నమ్మకం తిరిగి రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఈ వారం కుటుంబ ప్రార్థనలో పిల్లలతో ఈ సంగతి మాట్లాడుదాము.