ఒకరోజు సభ్యత్వం

కొంతకాలం క్రితం ఒక మిత్రుడు తాను సభ్యుడుగా ఉన్న క్లబ్బుకు నన్ను భోజనానికి తీసుకువెళ్ళాడు. గుమ్మం దగ్గర ఒక లావుపాటి పుస్తకంలో నా పేరూ ఊరూ రాయించి, పక్కన తాను సంతకం చేశాడు. మా వెనకే మరో ఇద్దరు వచ్చారు. వారికి అక్కడ తెలిసినవారెవరూ లేరు. గుమాస్తా డబ్బు పుచ్చుకొని చెరొక చీటీ చింపి ఇచ్చాడు. దానిమీద ‘ఒకరోజు సభ్యత్వం’ అని అచ్చువేసి ఉంది. పది నిమిషాలలో వారి బల్లమీదికి సీసా వచ్చింది.

ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. తప్పంతా ఆ చీటీలోనే ఉందని నా అభిప్రాయం.

మద్యం విషయంలో క్లబ్బును బారుకంటే వేరుగా చూడడానికి ఒక కారణం ఉంది. పదిమంది డబ్బు వేసుకొని సరుకు తెచ్చుకొని తమలో తాము పంచుకుంటే, అందులో అమ్మినవాడెవడు, కొన్నవాడెవడు? 1882లో ఇంగ్లండులో గ్రాఫ్‌, ఎవాన్స్‌ల వ్యాజ్యంలో ఈ ప్రశ్నే వచ్చింది. క్లబ్బు సరుకుకు సభ్యులందరూ యజమానులే కనుక, సభ్యుడికి సీసా ఇచ్చి డబ్బు తీసుకోవడం చిల్లర అమ్మకం కాదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా పన్నుల వ్యాజ్యాలలో, 1970లో మద్రాసు యంగ్‌మెన్స్ ఇండియన్ అసోసియేషన్ విషయంలోనూ, 2019లో కలకత్తా క్లబ్ విషయంలోనూ, ఈ సూత్రాన్నే నిలబెట్టింది. అంతమాత్రాన లైసెన్సు అక్కరలేదని కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ క్లబ్బులకు ప్రత్యేకమైన లైసెన్సు ఉంది. బారులోకి ఎవరైనా వెళ్ళవచ్చు. క్లబ్బులో మాత్రం సభ్యులకూ, వారు వెంట తెచ్చుకున్న అతిథులకూ మాత్రమే పోయాలి.

అంటే ఈ భవనమంతా ‘సభ్యుడు’ అన్న ఒక్క మాటమీద నిలిచి ఉంది. దారిన పోయేవాడికి చీటీ చింపి ఇచ్చి సభ్యుడని పిలిచిన క్షణాన అది కూలిపోతుంది. మిగిలేది బారే, పేరు మాత్రం క్లబ్బు.

ఇంటికి వస్తూ ఈ మాటే మిత్రుడితో అన్నాను. అతడు కార్యవర్గంలో ఉన్నవాడు. “ఏం చేయమంటావు? చందాలతో కరెంటు బిల్లు కూడా గడవదు. ఆ చీటీలు లేకపోతే పఠన మందిరం మూసుకోవలసిందే” అన్నాడు.

ఆ బాధ అబద్ధం కాదు. 1862లో ఇంగ్లండులో శ్రామికుల క్లబ్బుల సమాఖ్యను స్థాపించిన హెన్రీ సాలీ అనే మతబోధకుడు మద్యానికి వ్యతిరేకి. చదువుకూ కాలక్షేపానికీ క్లబ్బులుండాలని ఆయన ఆశ. కొద్ది సంవత్సరాలలోనే ఆ క్లబ్బులలోకి బీరు వచ్చింది. అది లేనిదే అవి నిలవలేకపోయాయి. కాబట్టి క్లబ్బులో మద్యమే కూడదని నేననడం లేదు. అయితే ఆ దేశం అక్కడితో ఊరుకోలేదు. 1902 చట్టంతో మద్యమిచ్చే క్లబ్బులు నమోదు కావడం తప్పనిసరి చేసింది. ఇంగ్లండు, వేల్సులకు వర్తించే 2003 నాటి లైసెన్సు చట్టం మరికొంత ముందుకు వెళ్ళింది. సభ్యత్వానికి దరఖాస్తు చేసిన తరువాత కనీసం రెండు రోజులు గడవాలి. కనీసం 25 మంది సభ్యులుండాలి. మద్యం కొనుగోలు సభ్యులు ఎన్నుకున్న సంఘం చేతిలో ఉండాలి. ఆ కొనుగోలుమీద క్లబ్బు ఖర్చుతో ఎవరికీ కమీషను ముట్టరాదు. క్లబ్బు సదుద్దేశంతో నడుస్తున్నదా లేదా తేల్చేటప్పుడు, సభ్యులకు లెక్కలు తెలియజేస్తున్నారా అన్నదీ చూస్తారు.

ఈ నిబంధనలలో ఏదీ తాగేవాడిని శిక్షించేది కాదు. క్లబ్బును క్లబ్బుగా ఉండమని అడిగేవే. రెండు రోజుల వ్యవధి ఒక్కటి చాలు, గుమ్మం దగ్గర చీటీల పుస్తకం మూతపడడానికి.

మనకు ఇది చిన్న విషయం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారామీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం సడలిపోయింది. తమ వీధిలో ఏమి అమ్ముతున్నారో అడిగే హక్కు తమకున్నదని ఆ స్త్రీలు చాటారు. బారు పెడితే వీధివారు అది బారని తెలిసి అడ్డు చెప్పగలరు. క్లబ్బు బోర్డు వెనుక బారు నడిస్తే ఎవరిని అడగాలి? రేపు ప్రభుత్వం ఆగ్రహించి నిబంధనలు బిగిస్తే, ముందు దెబ్బతినేది నిజాయితీగా నడుస్తున్న చిన్న క్లబ్బులే.

ఆ రాత్రి నా పేరు పక్కన మిత్రుడు పెట్టిన సంతకానికి ఒక అర్థముంది: ఇతడు తప్పుగా ప్రవర్తిస్తే జవాబుదారీ నాది అని. ఆ చీటీమీద ఎవరి సంతకమూ లేదు. పఠన మందిరాన్ని నిలబెట్టడానికి మరో దారి ఏదైనా మీకు తోస్తే చెప్పండి. నా మిత్రుడికి చేరవేస్తాను.