ఇద్దరు పొడుగోళ్లని కలిపి ఆడిస్తే తప్పేటి?

పోయిన వారం నుంచి మన గ్రూపులో ఒకటే గొడవ. మన బాస్కెట్‌బాల్ జట్టులో ఇద్దరు పొడుగు కుర్రోళ్లున్నారు. ఒకడిది సీతంపేట వైపు, ఇంకొకడిది గుమ్మలక్ష్మీపురం వైపు. ఇద్దరికీ ఆట బాగా వచ్చు. "ఇద్దరూ రింగు కిందే నిలబడతారు, దారికి అడ్డం, ఒకడిని బెంచీ మీద కూర్చోబెట్టండి" అని కొందరంటున్నారు. ఎవరిని? అక్కడికొచ్చేసరికి ఆట పక్కకి పోయి సవరా, జాతాపా అన్న మాటలొచ్చాయి. అది మాకు నచ్చలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాం.

అడ్డం అన్న మాటలో నిజం లేకపోలేదు. ఇద్దరూ రింగు పక్కనే ఉంటే వాళ్లని కాసేవాళ్లూ అక్కడే ఉంటారు. గార్డు దూరడానికి సందు ఉండదు. పైగా పెయింట్‌లో మూడు సెకన్లు దాటి నిలబడితే బంతి అవతలోళ్లకి పోతుంది. కానీ దీనికి మందు ఒకడిని తీసేయడం కాదు, ఒకడిని ఫ్రీ త్రో గీత దగ్గరికి తేవడం. అక్కడ బంతి అందుకున్నోడు కింద ఉన్నోడికి తలల మీంచి పాస్ ఇస్తాడు. పొట్టి డిఫెండర్ ఎంత ఎగిరినా అందదు. వాడిని కాసేవాడు కిందకి జారితే అక్కడి నుంచే షాట్.

శాన్ ఆంటోనియో స్పర్స్‌ని చూడండి. డేవిడ్ రాబిన్సన్ 1995లో ఎన్‌బీఏ ఎంవీపీ. 1997లో టిమ్ డంకన్ వచ్చాక స్కోరింగ్ భారం మెల్లగా చిన్నోడికి వదిలి, తను డిఫెన్సు, రీబౌండ్లు చూసుకున్నాడు. 1999లో, 2003లో టైటిళ్లు. అంత పెద్దోడు తగ్గడం మాటలు కాదు. అమెరికా దాకా ఎందుకు, 2014లో వూహాన్‌లో ఆసియా కప్‌లో చైనాని 65-58తో ఓడించిన మన దేశం జట్టులో అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్ ఇద్దరూ ఉన్నారు. అమృత్‌పాల్ ఆట లోపల. అమ్‌జ్యోత్ బయటి నుంచి కూడా కొట్టగలడు.

ఇబ్బంది డిఫెన్సులో వస్తుంది. అవతలోళ్లు పరిగెత్తే జట్టయితే, 6.75 మీటర్ల గీత బయటి నుంచి కొట్టేవాళ్లయితే, ఆ కాసేపు ఒకడిని కూర్చోబెట్టండి. మేం కాదనం.

ఇంకో మాట. మేం హాస్టల్లో ఆడిన రోజుల్లో గార్డులం మేమే. మట్టి గ్రౌండు, నెట్ లేని రింగు. మా జట్టులోనూ ఒక పొడుగోడు ఉండేవాడు. ఆటంతా అటూ ఇటూ పరిగెత్తేవాడు, బంతి మాత్రం మేమివ్వలేదు. మాకు లోపలికి పాస్ వేయడం రాదు, ఆ మాట ఒప్పుకోలేక "వాడికి చెయ్యి లేదు" అనేవాళ్లం. మరుసటేడు వాడు ఆట మానేశాడు, తర్వాత చదువూ మానేసి పనికి వెళ్లిపోయాడు. ఆట వల్లే అని చెప్పలేం గానీ, ఇప్పటికీ ఎక్కడైనా ఎదురుపడితే తల దించుకునేది మేమే.

వచ్చే ఆదివారం ప్రాక్టీసులో ఇద్దరినీ కలిపి ఇరవై నిమిషాలు ఆడించండి. ప్రతి దాడిలో ఒకసారైనా గార్డులు బంతి లోపలికి వేయాలి. అప్పటికీ కుదరకపోతే ఇక్కడికే వచ్చి మమ్మల్ని తిట్టండి.