మిద్దె సరే, వానచుక్క ఎటు పోతోంది?

ముత్తుకూరు వైపు తాటాకు ఇళ్లు పోయి మిద్దెలొచ్చాయి. తుపానుకు తట్టుకుంటాయి, మంచిదే. కానీ వాకిలంతా సిమెంటు చేసి వాననీటిని వీధిలోకి తోలేస్తున్నాం. తీరంలో ఇసుక కింద ఉప్పునీటిపై తేలే మంచినీరే మన బావులకు దిక్కు. వాన ఇంకకుండా తోడుతూ పోతే ఉప్పు పైకొస్తుంది.

మిద్దె బాగుచేయించే రైతు సోదరులు రంగులకంటే ముందు పెరట్లో సిమెంటు పెకలించాలి. మిద్దె గొట్టాన్ని మరుగుదొడ్డికి దూరంగా తవ్విన ఇంకుడుగుంతకు కలపాలి. నూరు చదరపు మీటర్ల మిద్దెపై 50 మిల్లీమీటర్ల వాన పడితే 5 వేల లీటర్లు! పడమటి ఎండకు వేప, కానుగ నాటి, తూర్పున సముద్రగాలికి వసారా దించుకోవాలి.

జిల్లాకు పెద్దవానలు అక్టోబరు, డిసెంబరు మధ్యనే. గుంత ఆలోగానే తవ్వాలి. మేడ ఎత్తుకన్నా బావినీటి తీపే ఇంటికి పరువు.